గోంగూర రుచి ఎక్కడికి పోయింది?

“పడిశం పది రోగాల పెట్టు” అన్నారు పెద్దలు. ఆ పదింటిలో ఒకదాన్ని మాత్రం మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోము. అది రుచి పోవటం. జలుబు చేసినప్పుడు ఏం తిన్నా చప్పగా ఉంటుంది కదా! నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని ఊరుకుంటాము. చాలాసార్లు అదే సర్దుకుంటుంది కూడా.

కాని 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చిత్రమైన సంగతి జరిగింది. ముక్కు దిబ్బడ లేదు, చీమిడి లేదు, గాలి హాయిగా ఆడుతున్నది. అయినా వాసన మాత్రం ఒక్కసారిగా మాయమైంది. రాత్రి పడుకునేటప్పుడు ఉన్న వాసన పొద్దున లేచేసరికి లేదు. మన దొనకొండలోనే ఒక ఇంట్లో గోంగూర పచ్చడి నూరారనుకోండి. వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టారు. వీధి చివరి వాళ్ళకు కూడా నోరూరింది. ఆ ఇంట్లో జ్వరం వచ్చి తగ్గిన మనిషికి మాత్రం అది పుల్లగా, కారంగా ఉన్న పిండిముద్ద. అంతే! గోంగూర గోంగూర కాకుండా పోయింది.

పులుపు తెలిసింది. కారం తెలిసింది. ఉప్పు తెలిసింది. మరి పోయిందేమిటి? ఎక్కడికి పోయింది? తిరిగి వస్తుందా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వెతుకుదాం.

నాలుకకు తెలిసినవి ఎన్ని?

మన పెద్దలు రుచులు ఆరు అన్నారు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఉగాది పచ్చడిలో మనం ఈ ఆరింటినీ కలిపి తింటాము. నేటి శాస్త్రజ్ఞులు మాత్రం ఈ జాబితాను కొంచెం మార్చారు.

నాలుక మీద కొన్ని వేల రుచి మొగ్గలు ఉంటాయి. వీటికి నిజంగా తెలిసినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు. ఐదోది ఉమామి. బాగా మరిగిన మాంసపు పులుసులోనూ, పండిన టమాటాలోనూ ఉండే కమ్మదనం అది. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా దీన్ని గుర్తించాడు.

మరి కారం మాటేమిటి? కారం రుచి కాదు, మంట! మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థం నోటిలో వేడిని తెలిపే నాడుల మీద పని చేస్తుంది. వేడివేడి అన్నం నోరు కాల్చినప్పుడు ఏ నాడులు కబురు పంపుతాయో, మిరపకాయ కొరికినప్పుడూ అవే పంపుతాయి. అందుకే మిరపకాయ చేతికి రాసుకున్నా, కంటికి తగిలినా మండుతుంది. కంటికి నాలుక లేదు గదా! ఈ మంటను పసిగట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమానం వచ్చింది.

వగరు కూడా అటువంటిదే. పచ్చి అరటికాయ కొరికితే నోరు పట్టేసినట్టు ఉంటుంది. కాయలోని టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొని వాటి జారుడు పోగొడతాయి. మనకు తెలిసేది ఆ గరుకుదనం. అది చాలావరకు స్పర్శ.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. నాలుకకు తెలిసినవి ఐదే అయితే మామిడిపండుకూ సీతాఫలానికీ తేడా ఎలా తెలుస్తున్నది? రెండూ తియ్యనే. చింతపండు పులుసుకూ నిమ్మకాయ పులిహోరకూ తేడా ఏమిటి? రెండూ పుల్లనే. అయినా కళ్ళు మూసుకొని తిన్నా మనం పొరపడం. ఆ తేడా చెబుతున్నది నాలుక కాదన్నమాట.

ముక్కు మూసుకొని తిని చూడండి

దీనికి ప్రయోగశాల అక్కరలేదు, వంటిల్లు చాలు. రెండు చెంచాల చక్కెర తీసుకోండి. ఒకదానిలో చిటికెడు యాలకుల పొడి, రెండోదానిలో చిటికెడు జీలకర్ర పొడి కలపండి. మీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టి కళ్ళకు గుడ్డ కట్టండి. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకొని నోరు తెరవమనండి. నాలుక మీద ఒక రకం చక్కెర కొంచెం వేసి, “ఇదేమిటి?” అని అడగండి.

“చక్కెర” అంటాడు. రెండోది వేసినా “చక్కెరే” అంటాడు. ఇప్పుడు నోరు మూసి, ముక్కు వదలి, మెల్లగా గాలి బయటికి వదలమనండి. క్షణంలో, “ఓహో! జీలకర్ర!” అంటాడు.

నోట్లో ఉన్న పదార్థం మారలేదు. నాలుక మారలేదు. మారింది ఒకటే, ముక్కులో గాలి కదిలింది. మనం జీలకర్ర ‘రుచి’ అనుకుంటున్నది నిజానికి జీలకర్ర వాసన. యాలకుల రుచి, కొత్తిమీర రుచి, నెయ్యి రుచి, వేరుశెనగ వేపుడు రుచి అని మనం పేర్లు పెట్టుకున్న వాటిలో చాలాభాగం ముక్కు పెట్టిన భిక్షే. పేరు మాత్రం నాలుకకు దక్కింది!

ముక్కుకు దొడ్డిదారి

మనం పూవును ముక్కు దగ్గర పెట్టుకొని పీలిస్తే వాసన ముంగిలి గుండా లోపలికి పోతుంది. ఇది అందరికీ తెలిసిన దారి. కాని ముక్కుకు ఒక దొడ్డిదారి కూడా ఉంది. నోటి వెనుక, కొండనాలుక పై భాగాన, గొంతుకూ ముక్కుకూ మధ్య దారి ఉంది. నీళ్ళు తాగేటప్పుడు నవ్వు వస్తే నీళ్ళు ముక్కులోంచి రావటం మీకు అనుభవమే. ఆ దారే ఇది.

అన్నం నమిలేటప్పుడు పదార్థాల నుంచి వాసన అణువులు ఆవిరై లేస్తాయి. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ గాలి వాటిని దొడ్డిదారిన ముక్కులోకి మోసుకుపోతుంది. అదే సమయంలో నాలుక తీపి, పులుపు సంగతులు చెబుతూ ఉంటుంది. ఈ రెండు కబుర్లనూ మెదడు కలిపేసి, “ఇదంతా నోట్లోనే జరుగుతున్నది” అని మనల్ని నమ్మిస్తుంది.

అందుకే వాసన పోయినవాడు వైద్యుడి దగ్గరకు వెళ్ళి, “అయ్యా, నాకు రుచి పోయింది” అంటాడు. నాలుక మీద ఉప్పు, చక్కెర వేసి చూస్తే చాలామందికి రెండూ తెలుస్తాయి. వాళ్ళకు పోయింది వాసన. అయితే కోవిడ్‌లో కొందరికి నాలుక రుచులు కూడా నిజంగానే మొద్దుబారాయి. కొందరికి మిరప మంట కూడా తగ్గింది. ఈ మూడింటికీ వేర్వేరు నాడులు ఉన్నాయి గనుక ఏది పోయిందో విడివిడిగా పరీక్షించవలసిందే.

నాలుగు వందల గ్రాహకాలు

వాసన పసిగట్టే చోటు ముక్కు రంధ్రాల దగ్గర ఉండదు. లోపల బాగా పైన, రెండు కళ్ళ మధ్య ఎత్తున, తపాలా బిళ్ళంత పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలో లక్షల సంఖ్యలో వాసన నాడీకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణం చివర సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు మీదే వాసన అణువులను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి.

మనిషికి పనిచేసే గ్రాహకాల రకాలు సుమారు 400. మరి మనం గుర్తించే వాసనలు వేలకు వేలు! ఇదెలా సాధ్యం? తెలుగు అక్షరాలు యాభై ఆరే. వాటితో ఎన్ని మాటలు రాయగలం? లెక్కలేనన్ని. వాసనల సంగతీ అంతే. ఒక్కో వాసనకు కొన్ని గ్రాహకాలు కలిసి స్పందిస్తాయి. లవంగానికి ఒక కలయిక, నిమ్మకు ఇంకొక కలయిక. మెదడు ఆ కలయికను మాటలాగా చదువుకుంటుంది. ఈ గ్రాహకాలకు సంబంధించిన జన్యువులను అమెరికాలో రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ 1991లో కనుగొన్నారు. 2004లో వారికి నోబెల్ బహుమానం లభించింది.

ఈ జన్యువులు ఇద్దరు మనుషుల్లో అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకరికి ఇంపైన వాసన ఇంకొకరికి అంతగా తెలియకపోవచ్చు. “పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అన్న సామెతకు, “ముక్కుకో వాసన” అని కూడా చేర్చుకోవచ్చు!

వాసన కణాల తోకలు, అంటే సన్నని నాడీతంతువులు, ముక్కు పైకప్పుగా ఉన్న ఎముకలోని చిల్లుల గుండా మెదడులోకి పోతాయి. ఆ ఎముక అచ్చం జల్లెడలా ఉంటుంది. మెదడు నుంచి బయలుదేరే పన్నెండు జతల కపాల నాడుల్లో మొదటిది ఈ ఘ్రాణ నాడే. రుచి కబుర్లు మోసేవి ఏడు, తొమ్మిది, పది నాడులు. మంటను మోసేది ముఖ్యంగా ఐదో నాడి.

రెండు రకాల నష్టాలు

పడిశం పట్టినప్పుడు వాసన రెండు విధాలుగా పోవచ్చు. మొదటిది సులువుగా అర్థమయ్యేదే. ముక్కు లోపలి పొర వాచి, చీమిడి నిండి, గాలి పైదాకా పోదు. వాసన అణువులు నాడీకణాల దగ్గరకే చేరవు. దిబ్బడ తగ్గగానే వాసన తిరిగి వస్తుంది.

రెండో రకంలో దారి తెరిచే ఉంటుంది. గాలి ఆడుతుంది. అణువులు చేరతాయి. కాని కబురు మెదడుకు పోదు. మామూలు పడిశం తెచ్చే వైరస్‌లు, ఫ్లూ వైరస్‌లు ఇటువంటి నష్టం చేయగలవని వైద్యులకు కోవిడ్‌కు ముందే తెలుసు. అటువంటి రోగులు ఎప్పుడూ ఉండేవారు. వారి మాట వినేవారే తక్కువ. “వాసనే గదా, పోతే పోయింది!” అనేవారు.

కోవిడ్ ఆ పరిస్థితిని మార్చింది. మన ప్రకాశం జిల్లాలో తొలి కేసు 2020 మార్చిలో ఒంగోలులో బయటపడింది. సరిగ్గా ఆ నెలలోనే బ్రిటన్‌లోని చెవి, ముక్కు, గొంతు వైద్యులు ఒక హెచ్చరిక చేశారు. హఠాత్తుగా వాసన పోయినవారిని, వేరే లక్షణాలు లేకపోయినా, కోవిడ్ ఉందేమోనని అనుమానించండి అన్నారు. భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 జూన్ 13న వాసన పోవటాన్నీ, రుచి పోవటాన్నీ కోవిడ్ లక్షణాల పట్టికలో చేర్చింది. కాఫీ పొడి డబ్బా మూత తీసి వాసన చూసుకోవటం అప్పుడు ఇంటింటి పరీక్ష అయిపోయింది. 2021 చివర వచ్చిన ఒమిక్రాన్ రకంతో వాసన పోయినవారి సంఖ్య బాగా తగ్గింది.

దీపం ఉంది, నూనె లేదు

వాసన పోయింది కాబట్టి వైరస్ వాసన నాడీకణాలనే చంపి ఉంటుందని మొదట అందరూ అనుకున్నారు. అదే నిజమైతే చాలా భయపడవలసిన విషయం. అక్కడి నుంచి మెదడు జానెడు దూరం కూడా లేదు!

కాని వైరస్ ఏ కణంలోకి పడితే ఆ కణంలోకి దూరలేదు. దానికి తలుపు కావాలి. కోవిడ్ వైరస్‌కు ఆ తలుపు ఏసీఈ-2 అనే మాంసకృత్తు. 2020లో అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులూ, వారితో కలిసి పనిచేసిన ఇతరులూ ముక్కులోని కణాలను ఒక్కొక్క రకంగా పరిశీలించారు. వాసన నాడీకణాల్లో ఆ తలుపు తయారు కావటం లేదు! వాటి పక్కనే నిలబడి వాటిని పోషించే ఆధార కణాల్లో మాత్రం ఆ తలుపు ఉంది.

ఇది అర్థం కావాలంటే దొనకొండ స్టేషనును తలచుకుంటే చాలు. ఇది గుంటూరు, గుంతకల్లు రైలు మార్గంలో ఉన్న ఊరు. ఇప్పుడు పెద్ద లైను. ఒకప్పుడు ఇది మీటర్ గేజి, ఆవిరి ఇంజన్ల కాలం. ఆ రోజుల్లో రైలు సిగ్నళ్ళకు రాత్రిపూట కిరోసిన్ దీపాలు ఉండేవి. వాటిలో నూనె పోసి, వత్తి సరిచేసి, అద్దం తుడవటానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి జ్వరంతో పడుకున్నాడనుకోండి. సిగ్నలు స్తంభం విరగలేదు. దీపం పగలలేదు. కాని నూనె లేక వెలుగు లేదు. బండి ఆగిపోతుంది.

ముక్కులోని ఆధార కణాలు చేసేది సరిగ్గా ఆ మనిషి పనే. నాడీకణాలకు పోషణ ఇవ్వటం, చుట్టూ ఉన్న లవణాల పాళ్ళు సరిగా ఉంచటం, పాత వాసన అణువులను తుడిచివేయటం వాటి విధులు. వైరస్ వాటిని కూల్చగానే నాడీకణాల నూగు రాలిపోతుంది. వైరస్‌తో శరీరం చేసే యుద్ధం వల్ల నాడీకణాల్లో గ్రాహకాల తయారీ కూడా తగ్గిపోతుందని 2022లో వచ్చిన పరిశోధన చూపింది. నాడీకణం బ్రతికే ఉంది, కాని గుడ్డిదీపమైంది.

చాలామందికి రెండు, మూడు వారాల్లోనే వాసన ఎందుకు తిరిగి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా! ఆధార కణాలు త్వరగా మళ్ళీ పుడతాయి. నూనె పోసే మనిషి కోలుకొని డ్యూటీలోకి వచ్చినట్టే.

మళ్ళీ మొలిచే నాడి

కొందరికి నష్టం ఇంకా లోతుగా జరుగుతుంది. నాడీకణాలు కూడా చచ్చిపోతాయి. అప్పుడు సంగతేమిటి?

వెన్నుపాములోని నాడులు తెగితే అవి మళ్ళీ అతకవు. కంటి నాడి ఎండిపోతే చూపు తిరిగి రాదు. నాడీకణాలు పోతే పోయినట్టేనని మనం పాఠాల్లో చదువుకున్నాము. కాని ఈ నియమానికి లోబడనిది వాసన నాడి. ఆ తపాలా బిళ్ళంత పొర అడుగున మూలకణాలు ఉంటాయి. అవి జీవితాంతం కొత్త వాసన కణాలను పుట్టిస్తూనే ఉంటాయి. జలుబు లేనప్పుడు కూడా పాతవి పోతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. కొత్త కణం పుట్టి, తోక పెంచుకొని, జల్లెడ ఎముక చిల్లులోంచి మెదడుకు చేరుకొని పనిలోకి దిగటానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది.

మార్కాపురం పలకలు మీకు తెలుసు. ఒకప్పుడు బడికి పోయే ప్రతి పిల్లవాడి చేతిలోనూ పలక ఉండేది. తడిగుడ్డతో తుడిస్తే రాత పోతుంది, పలక మాత్రం ఉంటుంది. మళ్ళీ రాసుకోవచ్చు. వాసన పొర కూడా అటువంటి పలకే. అడుగున మూలకణాలు మిగిలి ఉంటే మళ్ళీ రాత మొదలవుతుంది.

కోవిడ్‌తో వాసన పోయినవారిలో నూటికి 90 మందికి పైగా ఆరు నెలల్లో కోలుకున్నారని 2022లో అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. సుమారు ఐదుగురికి మాత్రం నష్టం చాలాకాలం నిలిచింది. అటువంటివారి ముక్కు పొరలో వైరస్ పోయిన తరువాత కూడా రక్షణ కణాలు గుమిగూడి ఉండటాన్ని అదే సంవత్సరం శాస్త్రజ్ఞులు చూశారు. నూటికి ఐదుగురే గదా అనుకోకండి. కోట్లమందికి వచ్చిన జబ్బులో ఆ ఐదుగురంటే పెద్ద సంఖ్యే.

కాఫీలో కుళ్ళు వాసన

కోలుకునేటప్పుడు ఒక వింత జరుగుతుంది. కొన్ని వారాలు, నెలలు గడిచాక వాసన తిరిగి వస్తుంది గాని, తప్పుగా వస్తుంది. కాఫీ తాగబోతే కాలిన రబ్బరు వాసన. ఉల్లిపాయలు వేగుతుంటే కుళ్ళు కంపు. కోడిగుడ్డు, వెల్లుల్లి, మాంసం దగ్గరకు పోలేరు. ఇంట్లోవాళ్ళు, “అంతా నీ అనుమానం” అంటారు.

అది అనుమానం కాదు. మనం చెప్పుకున్న అక్షరాలు, మాటల పోలిక గుర్తు తెచ్చుకోండి. కాఫీ వాసన అంటే పది అక్షరాల మాట అనుకుంటే, కొత్తగా మొలిచిన కణాలు నాలుగే అక్షరాలు పంపుతున్నాయి. కొన్ని తోకలు చేరవలసిన చోటికి కాక పక్క చోటికి చేరి ఉండవచ్చు. మెదడు ఆ అక్షరాలను చదువుకొని బెదిరిపోతుంది. ఈ దశ చాలా బాధ పెడుతుంది. కాని పొర మళ్ళీ పని మొదలుపెట్టిందనటానికి ఇది తరచుగా ఒక గుర్తు.

“వాసనే గదా!” అనకండి

వాసన పోతే ఏమవుతుంది? ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. పొయ్యి మీద పప్పు మాడుతున్నది. పొయ్యి పక్కనే మనవరాలు కూర్చొని లెక్కలు చేసుకుంటున్నది. అవ్వ పెరట్లోనుంచి పరుగెత్తుకొచ్చింది.

“ఏమ్మే, పప్పు మాడతా ఉంటే అట్టనే కూర్చున్నావే? వాసన రాలా నీకు?”

“లేదవ్వా, నాకేం రాలా.”

పప్పు మాడితే ఒక పూట కూర పోయింది. అదే గ్యాసు అయితే? వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదు. లీకైతే మనకు తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థాన్ని కావాలని కలుపుతారు. కుళ్ళిన క్యాబేజీ లాంటి ఆ కంపే మనకు కాపలా. దాని విలువ ఎంతో ఒక ఘోరమైన ఉదాహరణ ఉంది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊళ్ళో ఒక బడి కింద వాసన లేని గ్యాసు పోగై పేలిపోయింది. సుమారు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. గ్యాసుకు వాసన కలిపి తీరాలన్న చట్టం అక్కడ ఆ తరువాతనే వచ్చింది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం మొదలయ్యాక పల్లెల్లో కూడా గ్యాసుపొయ్యిలు వచ్చాయి. వాసన పోయిన మనిషి ఇంట్లో ఒంటరిగా ఉంటే ఆ కాపలా లేనట్టే. పాచిపోయిన కూర, కాలుతున్న వైరు, పాడైన నూనె, ఇవేవీ ఆ మనిషికి తెలియవు.

ఇంకొక నష్టం నెమ్మదిగా జరుగుతుంది. చప్పగా ఉందని కూరలో ఉప్పు ఎక్కువ వేసుకుంటారు. రక్తపోటు ఉన్నవారికి అది చేటు. మరికొందరు అసలు తిండే మానేస్తారు. ముఖ్యంగా ముసలివాళ్ళు చిక్కిపోతారు. “నోరు బాగా లేదు” అని అవ్వ కంచం పక్కకు నెడితే అది పేచీ అని కసరకండి. ముక్కు సంగతి అడగండి.

మూడోది పైకి కనబడనిది. వాసన కబురు మెదడులో జ్ఞాపకాలకు, భావాలకు సంబంధించిన చోట్లకు దగ్గరి దారిన పోతుంది. మన పడమటి ప్రకాశం మెట్ట ప్రాంతం. వానకోసం ఎదురుచూసే నేల. ఎండాకాలం చివర తొలకరి పడ్డప్పుడు వచ్చే మట్టి వాసనకు ఇక్కడ పొంగిపోని మనిషి లేడు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ ఆ వాసనకు ముఖ్య కారణం. లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళు ఉన్నా దాన్ని మన ముక్కు పట్టేస్తుంది. వాసన పోయిన రైతు వానను చూస్తాడు, చప్పుడు వింటాడు, తడుస్తాడు. అయినా ఏదో వెలితి. కన్నబిడ్డ తల వాసన తెలియని తల్లి బాధ కూడా అటువంటిదే. వాసన పోయినవారిలో కొందరు దిగులుతో కుంగిపోతారని వైద్యులు గమనించారు.

ముక్కుకు ఓనమాలు

దీనికి మందు ఉందా? ఒక్క మాత్రతో వాసన తెచ్చే మందు ఇంతవరకు లేదు. కాని ఖర్చు లేని సాధన ఒకటి ఉంది. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు వైద్యుడు థామస్ హుమ్మెల్, ఆయన సహచరులు 2009లో దాని ఫలితాలు ప్రకటించారు. వాసన పోయినవారిలో కొందరి చేత పన్నెండు వారాల పాటు పొద్దున, సాయంత్రం నాలుగు వాసనలు పీల్పించారు. గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. సాధన చేయనివారికంటె చేసినవారిలో వాసన శక్తి మెరుగైంది.

నాలుగూ మన అంగళ్ళలో దొరికేవే. నాలుగు చిన్న సీసాలు తీసుకోండి. ఒకదానిలో దంచిన లవంగాలు, ఒకదానిలో తాజా నిమ్మతొక్క, ఒకదానిలో గులాబిరేకులు, ఇంకొకదానిలో దూదికి అద్దిన నీలగిరి తైలం వేయండి. ఒక్కొక్క సీసా ముక్కు దగ్గర పెట్టుకొని పది, పదిహేను సెకన్లు మెల్లగా వాసన చూడాలి. చూస్తూ, “ఇది లవంగం” అని మనసులో తలుచుకోవాలి. ఒకటి అయ్యాక కొంచెం ఆగి రెండోది. రోజుకు రెండుసార్లు, కనీసం మూడు నెలలు. మొదట్లో ఏమీ తెలియదు. అయినా మానకూడదు. ఓనమాలు దిద్దినంత ఓపిక కావాలి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. నీలగిరి తైలం, అమృతాంజనం వంటివి ముక్కులో చల్లగానో, ఘాటుగానో తగులుతాయి. ఆ ఘాటు తెలియజేసేది ఐదో నాడి. వాసన పూర్తిగా పోయినవాడికి కూడా అది తెలుస్తుంది. కాబట్టి, “అమృతాంజనం తెలిసింది, నా ముక్కు బాగానే ఉంది” అని తీర్పు చెప్పుకోకూడదు. పరీక్షకు కాఫీ పొడి, గులాబి వంటివే మంచివి.

ఈ సాధనతో అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేము. అయినా దీనివల్ల నష్టం లేదు గనుక వైద్యులు ముందుగా దీన్నే చెబుతున్నారు.

చేయకూడనివి కూడా తెలుసుకోండి. వెల్లుల్లి రసమో, ఘాటైన నూనెలో ముక్కులో పోయకండి. ముక్కులో వేసుకునే కొన్ని జింకు మందుల వల్ల వాసన పోయిందని తేలి, వాటిని వాడవద్దని 2009లో అమెరికా ప్రభుత్వం హెచ్చరించవలసి వచ్చింది. పడిశానికి వాడిన మందే ముక్కును పాడు చేసిందన్నమాట! స్టెరాయిడ్ మందులు వైద్యుడు చెప్పకుండా వాడరాదు. పడిశం తగ్గి మూడు, నాలుగు వారాలైనా వాసన రాకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి. తలకు దెబ్బ తగిలాక వాసన పోతే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

మీరు చేయగలిగింది

ఇంట్లో ఎవరికైనా వాసన పోతే మూడు పనులు మీరే చేయవచ్చు. మొదటిది, వంట అయ్యాక గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కట్టివేశారో లేదో రోజూ చూడటం. రెండోది, నిన్నటి కూర వాళ్ళకు పెట్టే ముందు మీ ముక్కుతో ఒకసారి చూడటం. మూడోది, వాళ్ళ భోజనంలో ఉప్పు పెంచకుండా ముక్కుకు తెలియని లోటును నోటితో తీర్చటం. నిమ్మ పులుపు, కొద్దిగా కారం, కరకరలాడే వడియాలు, వేడివేడి అన్నం, ఇవన్నీ ముక్కు సాయం లేకుండానే నోటికి తెలిసేవి.

తరువాత నాలుగు సీసాలు తయారుచేసి మీ ఇంట్లో పెద్దవాళ్ళ కళ్ళు మూయించి, ఏది ఏదో చెప్పమనండి. వయసుతో కూడా వాసన శక్తి తగ్గుతుంది గనుక ఎవరు ఎన్ని చెప్పారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరైనా ఒక్కటి కూడా చెప్పలేకపోతే ఇక ఆ సీసాలు వారివే. ఆ రోజు సాయంత్రం నుంచే సాధన మొదలుపెట్టించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుర్తు చేసే పని మాత్రం మీది.